పిల్లి కింద చేతులు

పిల్లికి బిచ్చం పెట్టని మా శాఖ ఒకరోజు ఉన్నట్టుండి పిల్లి బొమ్మలు వెతికి పెట్టమంది. పత్రికల గదిలో ఫ్యాను తిరగడం లేదని నేను రాసిన కాగితాలకు ఇంతవరకు జవాబు లేదు. వానొస్తే పిల్లల పుస్తకాల బీరువా మీద నీళ్ళు కారుతున్నాయని చెబితే "పరిశీలిస్తాం" అన్నారు. పరిశీలించడానికి వచ్చిన మనిషిని నేనూ చూడలేదు, బీరువా కూడా చూడలేదు. అలాంటిది, పిల్లుల కోసం మా పెద్దసారు స్వయంగా ఫోన్ చేశారు.

"మేడమ్, మీ లైబ్రరీలో పాత పిల్లులున్నాయా?"

"ఒకటుంది సార్. కిటికీల నుంచి వస్తది, పేపర్ల మీద పంటది."

"అబ్బ, ఆ పిల్లి కాదండీ. హిస్టారికల్ పిల్లులు. ఫోటోలు, బొమ్మలు, క్యాలెండర్లు, ఏవైనా సరే. బాగా పాతవై ఉండాలి."

సంగతేమిటంటే, ఎక్కడో విదేశాల్లో పెద్ద పెద్ద గ్రంథాలయాలు తమ దగ్గరున్న పాతకాలపు పిల్లి ఫోటోలను ఇంటర్నెట్‌లో పెట్టాయట. జనం ఎగబడి చూశారట. అది మా సారు ఫోన్లో చూశారు. వాళ్ళకు పిల్లులుంటే మన జిల్లాకేం తక్కువ అని అప్పట్నుంచీ ఆయన బాధ. ఆ గ్రంథాలయాల పైకప్పులు కారవన్న సంగతి మాత్రం ఆ ఫోన్లో కనిపించలేదు కాబోలు.

మా లైబ్రరీ సంగారెడ్డికీ పటాన్‌చెరుకూ మధ్య, లారీలు ఆగే రోడ్డు పక్కన రెండు గదులు. నేను అందులో లైబ్రేరియన్ని. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు, మధ్యాహ్నం షిఫ్టుకు పోవాల్సినవాళ్ళు వచ్చి పేపర్ చదువుతారు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కార్మికులు ఉన్న ఒక్క హిందీ పేపర్ కోసం వంతులేసుకుంటారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు ఇంటి దగ్గర్నుంచి దిండు తెచ్చుకుని మరీ కుర్చీలో కూర్చుంటారు. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి మళ్ళిన సాయంత్రాలు కిటికీలు మూసేసి, ముక్కుకు రుమాలు కట్టుకుని చదువుతాం. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో నాకొక పిల్లి బొమ్మ కావాలి అని వచ్చిన పాఠకుడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

పిల్లులంటే నాకు పెద్ద ప్రేమ కూడా లేదు. కుక్క తప్పు చేస్తే తల దించుకుంటుంది. పిల్లి తప్పు చేసి మన వైపే తప్పు మనదన్నట్టు చూస్తుంది. ఆ చూపు నాకు ఆఫీసులో సరిపోయినంత దొరుకుతుంది, మళ్ళీ బొమ్మల్లో వెతుక్కోవాలా? అయినా ఉద్యోగం కదా, వెతికాను. మా అటెండరమ్మ తుమ్ముకుంటూ దుమ్ము దులిపింది, నేను ఏరాను. బైండు చేసిన పిల్లల మాసపత్రికల్లో కళ్ళజోడు పెట్టుకున్న పిల్లులు, సన్యాసం పుచ్చుకున్న పిల్లులు దొరికాయి. ఒక ఎరువుల దుకాణం వాళ్ళ పాత క్యాలెండర్లో బుట్టలో కూర్చున్న తెల్ల పిల్లికూన దొరికింది, మెడలో గులాబీ రిబ్బనుతో. పురుగుమందుకూ ఆ కూనకూ ఏం సంబంధమో ఆ సేటుకే తెలియాలి.

అసలైనవి ఒక రేకుపెట్టెలో ఉన్నాయి. సంగారెడ్డి పాత బజారులో ఒకప్పుడు ఫోటో స్టూడియో ఉండేది. అది మూతపడ్డాక వారసులు పాత పత్రికలతో పాటు ఆ పెట్టెను కూడా మా దగ్గర దించిపోయారు. మా జనానికి లైబ్రరీ అంటే అంతే. పాత సామాన్లవాడికి వేయడానికి మనసొప్పనివన్నీ తెచ్చి మాకిచ్చి పుణ్యం కట్టుకుంటారు. పెట్టె నిండా స్టూడియో వాళ్ళు తమ దగ్గర ఉంచుకున్న రెండో కాపీలు, జనం తీయించుకుని తీసుకుపోనివి కూడా. అందులో పిల్లులున్నాయి.

కిరాణా కొట్టు తక్కెడలో కూర్చున్న పిల్లి, పక్కన మీసం మెలేస్తున్న కొట్టు యజమాని. మా చర్చి సంఘం ఫోటో ఒకటి, ముందు వరసలో పాస్టరు గారి కాళ్ళ దగ్గర పిల్లి. పెద్దమనుషులంతా కదిలిపోయి మసకబారారు, పిల్లి ఒక్కటే బుద్ధిగా కూర్చుంది. ఇంకొకటి పోస్టుకార్డంత ఫోటో. నల్లపిల్లి, ఒక చెవి చినిగి ఉంది, వెనక తెర కట్టి ఉంది, కింది భాగం చెమ్మ తగిలి తెల్లగా పాలిపోయింది. ఫోటో తిప్పి చూస్తే పెన్సిలుతో "గుమ్మడిదల" అని మాత్రం రాసి ఉంది. అన్నిట్లోకీ పనికిమాలినది అదేననుకున్నాను.

పెద్దసారు చూడటానికి వచ్చారు. ఆయన కారు గేటు దగ్గరకు వచ్చేసరికి మా కిటికీ పిల్లి తీరిగ్గా రోడ్డు దాటింది. కారు ఆగిపోయింది. ఇంకెవరైనా ముందు దాటేదాకా డ్రైవరు అడుగు కదపలేదు, లోపల సారు కూడా కదపమనలేదు. చివరికి ఒక కెమికల్ ట్యాంకర్ దాటాక, దోషమంతా దాని నెత్తిన పోయిందని నమ్మకం కుదిరి, లోపలికొచ్చారు. వచ్చి కుర్చీలో కూర్చుని, "పిల్లి మన సంస్కృతిలో భాగం మేడమ్" అన్నారు. నేను మంచినీళ్ళు ఇచ్చాను, ఇంకేమివ్వాలో తోచలేదు.

ఫోటోలన్నీ చూసి ప్రదర్శన పెడదామన్నారు. ఫ్రేములూ ఫ్లెక్సీలూ చేయడానికి తనకు తెలిసిన అతను ఉన్నాడన్నారు. ఆయనకు తెలిసిన అతను ఎప్పుడూ ఉంటాడు. ఫ్యాను బాగుచేసే అతను మాత్రం ఎవరికీ తెలియదు.

దొరికిన ఫోటోల వివరాలు రాసి నోటీసు బోర్డు మీద అంటించిన కొద్ది రోజులకు ఒక పెద్దామె వచ్చింది. కాజీపల్లి నుంచి ఆటోలో వచ్చిందట. నల్ల బురఖా, మొహం మీద ముసుగు లేదు. కాజీపల్లిలోనే ఒక మాత్రల కంపెనీలో ప్యాకింగు పని చేసి మానేసిన మనిషి. ఆమె కొడుకు షిఫ్టుకు ముందు మా దగ్గర పేపర్ చదువుతాడు, అతను ఇంట్లో చెప్పాడట.

"బిడ్డా, గుమ్మడిదల పిల్లి ఫోటో ఒకటి దొర్కిందట గదా. నల్లది, చెవు చినిగింది. జెర సూపిస్తవా?"

ఇచ్చాను. ఆమె పిల్లిని చూడనే లేదు. ఫోటోను కిటికీ దగ్గరకు తీసుకుపోయి, అటూ ఇటూ వంచి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంది.

"ఇగో మా అమ్మీ" అంది.

"అది పిల్లమ్మా" అన్నాను. పెద్దతనం కదా, మతి తప్పిందేమో అనుకున్నాను.

"పిల్లి నాకు కండ్లవడ్తలేదా? కింద సూడు బిడ్డా. గిట్ల వంచి సూడు."

చూశాను. మామూలుగా పట్టుకుంటే మరకే. ఏటవాలుగా పట్టుకుంటే ఆ తెల్లటి పాలిపోయిన చోటులోంచి రెండు చేతులు పైకి తేలాయి. తెర కింది నుంచి ముందుకు చాపి పిల్లిని మోస్తున్న చేతులు. మణికట్టు దాకా జాకెట్టు అంచు, గాజులు, సన్నటి వేళ్ళు. ఎడమచేతి చిటికెన వేలు లోపలికి వంగి ఉంది. ఆమె తన ఎడమచేయి తెరిచి ఫోటో పక్కన పెట్టింది. ముడతలు పడిన ఆ చేతి చిటికెన వేలు కూడా అలాగే వంగి ఉంది.

తర్వాత ఆమె చెప్పింది. చెప్పినదాన్ని రాసుకుంటానని నేను ఆమెనే అడిగాను, పేర్లు లేకుంటే రాసుకో అంది.

"మా అబ్బా బొంబాయిల మిల్లుల పనిజేసెటోడు. పెండ్లయినంక అమ్మీని ఈడనే ఇడిచి వోయిండు. ఫోటో పంపుండ్రి, పానం కొట్టుకుంటున్నది అని ఉత్తరం రాసిండట. మా దాదా ఒప్పుకుంటడా? పరాయి మగోని ముందల మా కోడలు నిలవడ్తదా అని ఇల్లెగిరేటట్టు లొల్లి వెట్టిండు. మా దాదీ ఉషారు మనిషి. పిల్లికి గోషా లేదు గదా, పిల్లిని దీయుండ్రి అన్నది. తెర గట్టిండ్రు. అమ్మీ తెర ఎన్కల కూసొని కింద నుంచి చేతులు వెట్టి పిల్లిని వట్టుకున్నది. ఇంట్ల అందరు పిల్లి ఫోటో పిల్లి ఫోటో అన్నరు. దాదా గూడ అన్నడు. గా చేతులు ఎవలియో అబ్బాకు ఒక్కనికే ఎర్క."

"మరి ఆ ఫోటో?"

"అబ్బా కాడ ఉంటుండె. ఆయన ఆడనే సచ్చిపోయిండు, ఏం సామాను మళ్ళ రాలె. అమ్మీ నేను నడక నేర్వకముందే వోయింది. ఆమె మొఖం నాకు తెల్వది బిడ్డా. నీ చిటికెన ఏలు మీ అమ్మీదే అని దాదీ చెప్తుండె. గంతే, నాకు అమ్మీ అంటే గా ఏలే."

ఆమె వెళ్ళాక పెట్టెలో ఫోటోలన్నీ మళ్ళీ కిటికీ దగ్గర వంచి చూశాను. ఒక మేకపిల్ల కింద, ఒక కుట్టుమిషను పక్కన, అలాగే తెర అంచు నుంచి వేళ్ళు కనిపించాయి. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది మామలు ఇది మేక ఫోటోనే అని ఒప్పుకుని ఊరుకున్నారో. పట్టుదల ఉన్న మగవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళకు తెలివి ఉండక తప్పదు.

వెళ్ళేముందు ఆమె ఒక్కటే అడిగింది, "ఇది నాకిస్తవా?" అని. ప్రభుత్వ ఆస్తిని నా ఇష్టానికి ఇవ్వడానికి లేదు. నా ఫోన్లో తీసి చూపించాను. పిల్లి మీసాలు కూడా వచ్చాయి, కింద మాత్రం తెల్లటి మరక. వంచి వంచి తీశాను, అయినా అంతే. "గా ఫోన్ల అమ్మీ లేదు బిడ్డా" అంది. ఆ కాగితం తప్ప ఇంకో దారి లేదని ఇద్దరికీ అర్థమైంది. అప్పుడే పెద్దసారుకు ఫోన్ చేసి కథంతా చెప్పాను.

"ప్రదర్శన అయ్యాక చూద్దాం మేడమ్. అయినా చేతులెందుకు? మన ఫోకస్ పిల్లి."

ఆయన చూద్దాం అన్నదాన్ని ఈ ఒక్కసారికి నమ్మి, ప్రదర్శన రోజు ఇస్తారని ఆమెకు చెప్పాను. ఫోటోలన్నీ ఫ్రేములకని ఫ్లెక్సీ అతను పట్టుకుపోయాడు. చేతుల సంగతి అతనికీ చెప్పాను. "ఓకే మేడమ్, ఓకే మేడమ్" అన్నాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

ప్రదర్శన రోజు పొద్దున గేటు మీద నల్లపిల్లి వచ్చి కూర్చుంది. ఏనుగంత ఫ్లెక్సీ. చినిగిన చెవికి కొత్త చెవి అతికించారు. ముక్కుకు గులాబీ రంగు, తల పక్కన ఎర్రటి హృదయం బొమ్మ. దాని కింద పిల్లి కంటే పెద్దగా పెద్దసారు ఫోటో, నమస్కారం పెడుతూ. లోపలికి పోయి అసలు ఫోటో చూశాను. బజారులో రెడీమేడ్‌గా దొరికే ప్లాస్టిక్ ఫ్రేములో ఉంది. పిల్లి కడుపు దగ్గర ఆగిపోయింది. కింద ఏమీ లేదు.

"కింది ముక్క ఏది?" అని అడిగాను.

"ఫ్రేముకు సరిపోలే మేడమ్. గది ఉత్త మరకనే గదా, ట్రిమ్ చేసిన. పొద్దుగాల మళ్ళ తెచ్చి అన్ని ఫోటోలు ఈడ కూసొనే నీట్‌గ చేసిన" అన్నాడతను గర్వంగా.

"చేతులున్నాయని చెప్పాను కదా!"

"సార్ పిల్లినే సూపియ్యమన్నడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. వందేళ్ళు నిలిచే వస్తువును పది నిమిషాల్లో పాడు చేయగలవాడికి మా దగ్గర ఎప్పుడూ పని దొరుకుతుంది. కోసిన ముక్కలు ఏవని అడిగితే, చెత్తలో అన్నాడు. చెత్త ఏదని అటెండరమ్మను అడిగితే, ఆమె వెనక్కి చేయి చూపించింది.

"పెద్దోళ్ళొచ్చే యాళ్ళకు గలీజు కండ్లవడొద్దన్నరు గదమ్మా. అంటువెట్టిన."

ఉరికాను. ఫంక్షన్ అని కట్టుకున్న పట్టుచీరతోనే ఉరికాను. లైబ్రరీ వెనక కుప్ప ఒక పక్క నుంచి రాజుకుంటోంది. అతిథుల కోసం తెప్పించిన మంచినీళ్ళ క్యాను అక్కడే ఉంటే ఎత్తి మొత్తం మంట మీద కుమ్మరించాను. ముందువైపు మైకులో పెద్దసారు మాట్లాడుతున్నారు. మన పూర్వీకులు మూగజీవాలను కుటుంబ సభ్యుల్లా చూసుకున్నారట, వారసత్వాన్ని కాపాడుకోవడం మన బాధ్యతట. వెనక వారసత్వం పొగ చిమ్ముతోంది.

అప్పటికే ఆ పెద్దామె వచ్చి ఉంది. ఉతికిన బురఖా వేసుకుని, కొత్త చెప్పులు తొడుక్కుని, ఈరోజు ఫోటో ఇస్తారని వచ్చింది. ముందు ఫ్రేము చూసింది. నా కోసం వెతుక్కుంటూ వెనక్కి వచ్చింది. కోసిన ముక్క ఇందులోనే ఉందని కుప్ప వైపు చూపించాను. ఏడుపొచ్చింది, దానికంటే ముందు కోపమొచ్చింది. ఆమె చెప్పులు విడిచి కుప్ప పక్కన చతికిలబడి తడిసిన కాగితాలు ఏరడం మొదలుపెట్టింది.

కత్తిరించిన ముక్కలు చాలా ఉన్నాయి. అన్నీ ఒకేలా వేలెడు వెడల్పు పట్టీలు, మసి పట్టి, తడిసి. ఆమె ఒక్కొక్కటి తీసి, బురఖా అంచుతో అద్ది, ఎండలో వంచి చూసింది. "ఇది కాదు." పక్కన పెట్టింది. "ఇది గూడ కాదు." నేనూ కూర్చుని ఏరి అందించాను. అటెండరమ్మ కూడా చీపురు పారేసి కూర్చుంది. ముందువైపు చప్పట్లు వినిపించాయి. ఆమె తల తిప్పలేదు.

దొరికింది. ఒక కొసన జాకెట్టు అంచు కాలిపోయింది, వేళ్ళు మాత్రం ఉన్నాయి. ఎండలోకి వంచితే చిటికెన వేలు కనిపించింది. ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది. భుజాలు కదిలాయి.

"తీస్కపోండి అమ్మా" అన్నాను.

"సర్కారుది గదా బిడ్డా, నీ నౌకరికి పరేషాన్ అయితదేమో."

"ఫోటో సర్కారుది. చెత్త సర్కారుది కాదు. చెత్త ఏరుకోవద్దని ఏ రూల్లోనూ లేదు" అన్నాను. నా ఉద్యోగంలో నేను చెప్పిన రూల్సన్నిట్లోకీ అది ఒక్కటే నాకు నచ్చింది.

అంతలో పొగేమిటని పెద్దసారు వెనక్కి వచ్చారు, ఆయన వెనక ఫోన్లు పట్టుకున్న నలుగురు. ఫ్లెక్సీ అతను చెవిలో ఊదినట్టున్నాడు, ఆయన మొహం వెలిగిపోతోంది. నేను ఫోన్లో చెప్పినప్పుడు చెవికెక్కని కథ, జనం ఉన్నారనేసరికి ఎక్కింది.

"మేడమ్, ఇది కదా స్టోరీ! అమ్మా, మీరు ఆ ముక్క పట్టుకుని స్టేజి మీదకు రండి. మీ అమ్మగారి గురించి రెండు మాటలు చెప్పండి చాలు. జనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. నేను దాన్ని పెద్ద ఫ్లెక్సీ చేయిస్తాను, పిల్లి పక్కనే."

పిల్లికి చెలగాటం అంటే ఇదే అనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ఆమె లేచి నిలబడింది. ఆ ముక్కను రుమాలులో చుట్టి కుడి గుప్పిట్లో పెట్టుకుంది.

"నా మొఖం ఎన్నిమాట్లన్న దీస్కో సార్. కంపెనీ గేటు కాడ, ఆధార్ మీద, ఓటు కార్డు మీద, అంతట ఉన్నదే. అమ్మీని అడుగకు."

"ఎంతమంది చూస్తే అంత గౌరవం కదమ్మా."

"గట్లయితే మీ అమ్మను వెట్టు సార్. మా అమ్మీ అబ్బా ఒక్కని కోసం చేతులు బయట వెట్టింది. మీ అందరి కోసం కాదు."

గొంతు పెంచలేదు, మర్యాద తప్పలేదు. పెద్దసారు ఏమీ అర్థం కానట్టు నవ్వారు. ఆయనకు అర్థమైందని నేను ఇప్పటికీ అనుకోను. చివరికి ఆమెను గేటు దగ్గర ఫ్లెక్సీ పక్కన నిలబెట్టి ఫోటో తీయించారు. ఆమె కాదనలేదు. చెప్పులు వేసుకుని, కెమెరా వైపు సూటిగా చూస్తూ నిలబడింది. తర్వాత కొడుకుతో ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. వెళ్తూ నా తల మీద చేయి పెట్టింది, ఎడమచేయి.

కోసిన ఫోటోల గురించి నేను పైకి కాగితం రాశాను. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా, దానికీ జవాబు రాలేదు. మర్నాడు పెద్దసారు ఆమె ఫోటోను ఇంటర్నెట్‌లో పెట్టించారు. "పిల్లులంటే ప్రాణమంటున్న అవ్వ" అని రాశారు. జనం ప్రేమ గుర్తులు గుమ్మరించారు. ఆమె మొహం ఎంత బాగుందో, ఎంత అమాయకంగా ఉందో అన్నారు. ఒకరు మాత్రం జాగ్రత్తగా చూసినట్టున్నారు. అవ్వ కుడిచేయి అంత గట్టిగా ఎందుకు మూసుకుంది, అందులో ఏముంది అని అడిగారు.

లైబ్రరీ తరఫున జవాబు రాయాల్సింది నేనే. పిల్లి కోసం తెచ్చిన బిస్కెట్టు అని రాశాను.